తాడు పట్టే ఆమె

ఆమె ముఖం నాకు సరిగ్గా గుర్తులేదు. ఎప్పుడూ తల దించుకునే ఉండేది.

సోగత్తూరులో మా పశువుల కొట్టం మీదికి వంగిన చింతకొమ్మలు నరకడానికి ఏటా ఆ మొగుడూ పెళ్ళాలే వచ్చేవారు. ఆయన చెట్టెక్కేవాడు. ఆయన నడుముకు కట్టిన తాడు పైకొమ్మ పంగ మీదుగా దిగి, పక్కనున్న వేపమానును ఒక చుట్టు చుట్టి, ఆమె చేతుల్లోకి వచ్చేది. పని జరిగినంతసేపూ ఆమె పైకి చూసేది కాదు.

"చూస్తే చెయ్యి వణుకుతాదన్నా. ఆయన సంగతి తాడే చెప్తాది" అనేది.

చివరిసారి వచ్చినప్పుడు ఇద్దరూ బాగా నలిగిపోయి ఉన్నారు. మధ్యాహ్నం కత్తి చప్పుడు ఆగింది. చూస్తే ఆయన పంగలో కూర్చుని, కొమ్మకు తల ఆనించి, కదలడం లేదు. కంగారుగా పిలవబోయాను.

"అరవద్దన్నా" అందామె, నేల చూస్తూనే. "నిద్దరపోతా ఉండాడు. రేయంతా దగ్గే. ఇంట్లో పడుకోలేడు."

"నువ్వైనా కాసేపు కూర్చోమ్మా."

"కూర్చుంటే తాడు వదులైపోతాది."

నేను తెచ్చిచ్చిన టీ గట్టు మీదే చల్లారిపోయింది. వేపమాను నీడ కొట్టం గోడ ఎక్కింది. చాలాసేపటికి తాడు కదిలింది. అప్పుడు ఆమె కాలు మార్చుకుని నిలబడింది.