కదిలే మెట్ల దగ్గర ప్రసన్నకుమారి

రాజమండ్రి మెయిన్ రోడ్డులో అనంతకృష్ణ గారి బట్టల షాపుకి ఎస్కలేటర్ వచ్చిన కొత్తలో, అమలాపురం బస్సు దిగినవాళ్ళు ముందు దాన్ని చూశాకే మిగతా పనులకి వెళ్ళేవారు. చీర కొనే పని ఉండక్కర్లేదు. అద్దాల తలుపు ముందు చెప్పులు విప్పబోయి, వేసుకునే రావచ్చని తెలిసి మళ్ళీ తొడుక్కుని, లోపలికొచ్చి, మెట్లు నేలలోంచి వాటంతటవే పుట్టి పైకి పోతుంటే నోరు తెరుచుకుని చూసేవారు. ఆ మెట్ల మొదట్లో, ముదురాకుపచ్చ యూనిఫాం చీర కట్టుకుని, చెయ్యి చాపి నిలబడే మనిషే ప్రసన్నకుమారి.

"రండమ్మా, భయం లేదు. పసుపు గీత మీద కాకుండా మెట్టు మధ్యలో కాలు పెట్టండి. కుచ్చెళ్ళు కాస్త పైకెత్తుకోండి. ఈ నల్ల రబ్బరు పట్టుకోండి, అది కూడా మీతోపాటే వస్తుంది."

పొద్దస్తమానం ఇదే పాట. ఒకావిడ కాలు పెట్టి వెనక్కి తీసేది. ఒకావిడ దణ్ణం పెట్టి ఎక్కేది. ఇంకొకావిడ ఎక్కాక కళ్ళు మూసుకుని, పైన ఎవరో పట్టుకునేదాకా తెరిచేది కాదు. ఊళ్ళో చాలామందికి ప్రసన్నకుమారి పేరు తెలియదు. మెట్లమ్మ అనేవారు.

అంతకుముందు ఆవిడ ఒక మిషన్ స్కూల్లో ఆయా. బడి వదిలే వేళకి రిక్షాలూ లారీలూ కలగలిసిన రోడ్డుని పిల్లల చేత ఇట్టే దాటించేది. అనంతకృష్ణ గారి మనవరాలు అక్కడే చదివేది. ఆయన రోజూ చూశారు కాబోలు, ఒకరోజు పిలిచి అడిగారు.

"ఏం లేదమ్మా, పిల్లల్ని రోడ్డు దాటించినట్టే. కాకపోతే ఇక్కడ రోడ్డే కదులుద్ది. వస్తావా?"

భర్త పోయి అప్పటికి చాలా ఏళ్ళయింది. లూథరన్ చర్చి వెనక సందులో, తల్లి బుల్లెమ్మతో కలిసి ఉండేది. స్కూల్లో ఆయా పని ఉంటుందో ఊడుతుందో తెలియని రోజులవి. వస్తానండి అంది.

షాపులో ఎవరూ గమనించని సంగతి ఒకటుంది. అందర్నీ ఎక్కించే ప్రసన్నకుమారి తను మాత్రం ఎప్పుడూ ఎక్కేది కాదు. పైన పనుంటే వెనకవైపు మామూలు మెట్ల మీదుగా వెళ్ళేది.

ఆ భయం చిన్నప్పటిది. బుల్లెమ్మ తణుకు దగ్గర ఒక రైసుమిల్లులో పనిచేసేది. అప్పటి మిల్లుల్లో ఒక మూల పెద్ద ఇంజను ఉండేది. దాన్నుంచి ఒక్కో యంత్రానికీ ఒక్కో వెడల్పాటి బెల్టు, అడ్డూ ఆపూ లేకుండా తిరుగుతూ ఉండేది. ఆ మధ్యలోంచే ఆడవాళ్ళు తవుడు ఎత్తుకుంటూ తిరిగేవారు. ఒక మధ్యాహ్నం ప్రసన్న అన్నం క్యారేజీ పట్టుకుని మిల్లు గుమ్మంలోకి వచ్చేసరికి, బుల్లెమ్మ పైటకొంగు బెల్టులో పడి చుట్టుకుపోయింది. కొంగుతో పాటు చెయ్యీ పోయింది. బుల్లెమ్మకి కుడిచెయ్యి మోచేతి దగ్గరే ఆగిపోతుంది. ప్రసన్నకి ఆ రోజు చప్పుడు తప్ప ఏదీ సరిగ్గా గుర్తులేదు. ఎవరో అరిచారు, ఎవరో తనని బయటికి లాగేశారు.

తిరిగే వస్తువు దగ్గర చీరకొంగు కనిపిస్తే ఆవిడకి ఆ బెల్టే గుర్తొచ్చేది. అందుకే కుచ్చెళ్ళు పైకెత్తుకోమని అన్నిసార్లు చెప్పేది. జనం అది ఉద్యోగ ధర్మం అనుకునేవారు.

ఎస్కలేటర్ ప్రారంభించిన రోజు పురోహితులు కామేశం గారు పూజ చేయించారు. కొత్త లారీ కొంటే చక్రాల కింద నిమ్మకాయలు పెడతారు కదా, దీనికి చక్రాలెక్కడున్నాయో ఆయనకి తెలియలేదు. మొదటి మెట్టు మీద వరసగా పెట్టించారు. స్విచ్చు వెయ్యగానే నిమ్మకాయలు పెళ్ళివారిలా దర్జాగా పైకి వెళ్ళి, చివర్లో నేల మీదకి దొర్లాయి. అందరూ చప్పట్లు కొట్టారు. కానీ కొబ్బరికాయ కొట్టినప్పుడు ఎగిరిపడ్డ చిప్పముక్క ఒకటి వాటి వెనకే వెళ్ళింది. పై అంచున, మెట్లు నేలలోకి దూరే చోట ఉన్న పసుపురంగు దువ్వెనలాంటి పళ్ళలో అది ఇరుక్కుంది. కటుక్కుమని మెట్లన్నీ ఆగిపోయాయి.

శకునం బాగాలేదని వెనక ఎవరో గొణిగారు. అనంతకృష్ణ గారి ముఖం పాలిపోయింది.

విశాఖపట్నం నుంచి వచ్చిన కంపెనీ మెకానిక్ మణిశంకర్ పైకి వెళ్ళి, ఆ చిప్పముక్క ఊడదీసి, అందరికీ చూపించాడు. "శకునం దివ్యంగా ఉందండీ! ఇక్కడ ఏదైనా ఇరుక్కుంటే ఆగిపోవాలి. ఆగింది. ఆగకపోతే అప్పుడు చెడ్డ శకునం."

కామేశం గారు వెంటనే, "అదీ మాట!" అని అక్షతలు చల్లేశారు. కిందనుంచి ప్రసన్నకుమారి మాత్రం చాలాసేపు ఆ దువ్వెనకేసే చూస్తూ ఉండిపోయింది.

తర్వాత మణిశంకర్ నెలకోసారి, షాపు తెరవకముందు సర్వీసింగుకి వచ్చేవాడు. ఒకసారి పనిముట్లు సర్దుకుంటూ అడిగాడు.

"మీరెప్పుడూ ఎక్కరేంటండీ? వచ్చినప్పుడల్లా చూస్తున్నాను."

ప్రసన్నకుమారి దాచలేదు. "మా అమ్మ చెయ్యి మిల్లు బెల్టులో పోయింది బాబూ."

అతను సర్దుతున్న పనిముట్లు పక్కన పెట్టేశాడు. తర్వాత, "రండి, ఈ మెట్ల మీద కాదు, మామూలు మెట్ల మీదే రండి. పైన మూత తెరిచి ఉంది, చూద్దురుగాని," అన్నాడు.

పై అంతస్తులో నేల మీది ఇనపపలక తీసేసి ఉంది. లోపల మోటారు, దాని పక్కన గేర్‌బాక్సు, అక్కణ్ణుంచి పెద్ద పళ్ళచక్రానికి గొలుసు.

"సైకిల్ చైను లాంటిదేనండి. మెట్లన్నీ రెండు గొలుసుల మధ్య బిగించి ఉంటాయి. పైకొచ్చిన మెట్టు ఎక్కడికీ పోదు. ఈ చక్రం మీద తిరిగి, తలకిందులుగా అడుగునుంచి వెళ్ళి, మళ్ళీ మీ కాళ్ళ దగ్గరే పైకి లేస్తుంది. ప్రతి మెట్టుకీ చిన్న చక్రాలున్నాయి, అవి పట్టాల మీద నడుస్తాయి. పట్టాలు ఎలా వంగితే మెట్టు అలా సర్దుకుంటుంది. మధ్యలో మెట్టులా లేస్తుంది, రెండు చివర్లా నేలతో సమానంగా పరుచుకుంటుంది. నల్ల రబ్బర్ని తిప్పేదీ ఈ మోటారే. అందుకే కాలూ చెయ్యీ ఒకేలా వెళ్తాయి."

"మరి చీరో?"

అతను మెట్ల పక్కనున్న కుచ్చు చూపించాడు. నల్లటి బ్రష్షు, రెండు వైపులా పొడవునా ఉంది. "ఇది దుమ్ముకి కాదండి. కాలికి తగిలి, మనిషిని మధ్యలోకి జరగమంటుంది. దాన్ని దాటి అంచు ఇరుక్కుని ఈ పక్కరేకుని నొక్కితే, వెనక స్విచ్చు ఉంది. ఆగిపోతుంది. రబ్బరు లోపలికెళ్ళే చోట పిల్లల వేళ్ళు దూరినా అంతే. దువ్వెన సంగతి మీరు చూశారుగా."

"కరెంటు పోతే?"

"అన్నిటికన్నా మంచి ప్రశ్న," అని అతను మోటారు పక్కనున్న బ్రేకు మీద చెయ్యి వేశాడు. "దీన్ని స్ప్రింగు ఎప్పుడూ నొక్కి పట్టుకునే ఉంటుంది. కరెంటు ఉన్నంతసేపే విడిచి ఉంటుంది. కరెంటు పోయినా, ఏ స్విచ్చు తగిలినా, మీరు ఆ ఎర్ర బటన్ నొక్కినా, పట్టేస్తుంది."

ప్రసన్నకుమారి కిందికి వంగి ఆ స్ప్రింగునే చూసింది. "అంటే ఆపడానికి ఎవరూ పరిగెత్తక్కర్లేదన్నమాట."

"అక్కర్లేదండి. కానీ మీరు బటన్ దగ్గరుంటే నాకు ఇంకా ధైర్యం."

అన్నీ అర్థమయ్యాయి. అయినా కాలు ముందుకి పడలేదు.

2003లో గోదావరి పుష్కరాలొచ్చాయి. రేవులో మునిగి, తడిచీరలతో, పాదాల నుంచి నీళ్ళు కారుతూ జనం షాపులోకి వచ్చేసేవారు. ప్రసన్నకుమారి ఒక తుండుగుడ్డ పరిచి, కాళ్ళు తుడుచుకున్నాకే ఒక్కొక్కర్నీ ఎక్కనిచ్చేది. అలాంటి రద్దీలో రావులపాలెం వైపు నుంచి వచ్చిన ఒకావిడ, చంటిదాన్ని చంకన వేసుకుని, మెట్టుకి ఒక ఓరగా నిలబడి పైకి వెళుతోంది. జారిన తడి అంచు పక్కరేకు సందులోకి పోవడం ప్రసన్నకుమారి కంటబడింది.

"పాపని గట్టిగా పట్టుకోమ్మా!" అని అరుస్తూనే ఎర్ర బటన్ నొక్కేసింది.

మెట్లు కొద్దిగా జారి నిలిచాయి. ఆవిడ ముందుకి తూలి, రబ్బరు పట్టుకుని నిలదొక్కుకుంది. అంచు బెత్తెడు చిరిగింది, అంతే. చంటిది ఏడవనుకూడా లేదు. అనంతకృష్ణ గారు పరిగెత్తుకొచ్చి, ఆవిడకి కొత్త చీర ఇప్పించి, మజ్జిగ తెప్పించారు.

ప్రసన్నకుమారి గోడౌనులోకి వెళ్ళి, అట్టపెట్టెల మధ్య కూర్చుని ఏడ్చింది. ఎందుకేడుస్తున్నావని అడిగితే చెప్పలేకపోయేది. చిరిగింది ఒట్టి అంచే అన్న మాట ఒక్కటే లోపల తిరుగుతోంది.

ఆ సాయంత్రం ఇంటికెళ్ళి తల్లితో అంది. "రేపు షాపుకి రావే అమ్మా."

బుల్లెమ్మ రెండేళ్ళుగా అడుగుతూనే ఉంది. వీధిలో అందరూ చూసొచ్చారు, నన్ను మాత్రం తీసుకెళ్ళవు, నీ మెట్లు అరిగిపోతాయా అని దెప్పేది. ప్రసన్నకుమారి ఏదో సాకు చెప్పేది. మర్నాడు బుల్లెమ్మ తెల్లచీర కట్టుకుని, తలకి నూనె రాసుకుని, చర్చికి వెళ్ళినట్టు తయారైంది.

మెట్ల మొదట్లో తల్లీకూతుళ్ళు ఇద్దరూ నిలబడ్డారు. ప్రసన్నకుమారి అలవాటుగా చెయ్యి చాపింది. బుల్లెమ్మ ఉన్న ఒక్క చేత్తో దాన్ని పట్టుకుని, జంకు లేకుండా మెట్టు మీద కాలు పెట్టింది. పెట్టి, వెనక్కి లాగుతున్నట్టనిపించి తిరిగి చూసింది.

"ఏంటే? నువ్వెప్పుడూ ఎక్కలేదా?"

ప్రసన్నకుమారి తల అడ్డంగా ఊపింది.

"ఓసి పిచ్చిదానా! రావే," అని బుల్లెమ్మ ఒక్క గుంజు గుంజింది. ప్రసన్నకుమారి కాలు మెట్టు మీద పడింది. రెండో చెయ్యి దానంతటదే రబ్బరు పట్టుకుంది. కింద కౌంటర్లు, ఫ్యాన్లు, రంగురంగుల చీరల వరసలు మెల్లగా దిగిపోయాయి. ఇన్నాళ్ళూ భయపడింది ఇంతకేనా అనిపించింది. తల్లి చెయ్యి మాత్రం పైకి వచ్చాకా వదల్లేదు.

"దిగడానికి లేవేంటి ఇలాంటివి?" అని బుల్లెమ్మ అక్కడున్న అనంతకృష్ణ గారిని అడిగేసింది.

"దిగేటప్పుడు సంచులు బరువుగా ఉంటాయి గదమ్మా, నెమ్మదిగా చూసుకుంటూ దిగాలని," అని ఆయన నవ్వేశారు.

పక్కన కుర్చీలో కూర్చున్నాక ప్రసన్నకుమారి తల్లికి అంతా చెప్పింది. దువ్వెన, బ్రష్షు, బ్రేకు, ఎర్ర బటన్. బుల్లెమ్మ శ్రద్ధగా వింది.

"బాగుందే. మీ మిషనుకి అన్ని స్విచ్చులున్నాయి. మాకు అబ్బులు ఉండేవాడు."

"అబ్బులెవరు?"

"మిల్లులో ఇంజను డ్రైవరు. నా కొంగు చుట్టుకున్నప్పుడు వాడే గదటే వచ్చి, బెల్టుని కాలితో తన్ని చక్రం మీంచి తప్పించింది! ఇంజను దగ్గరికెళ్ళి ఆపేలోగా నేను పోదునని వాడికి తెలుసు. ఆ తన్నుకి వాడి కాలు విరిగింది. ఇప్పటికీ కుంటుతాడంట. నీకెప్పుడూ చెప్పలేదూ?"

చెప్పలేదు. ఆ ఇంట్లో మిల్లు మాట వస్తే ప్రసన్న లేచి వెళ్ళిపోయేది. దాంతో బుల్లెమ్మ ఆ ఊసెత్తడం మానేసింది. ఆ రోజు తల్లిని కాపాడటానికి ఎవరూ రాలేదనే ప్రసన్న ఇన్నేళ్ళూ అనుకుంది.

బుల్లెమ్మ ఆ రోజే ఒక జరీ అంచు పంచె తీసుకుంది. వర్షాలు తగ్గాక ఇద్దరూ తణుకు బస్సెక్కారు. అబ్బులు కాలవగట్టు పక్కన చిన్న డాబా ఇంట్లో, కొడుకు దగ్గర ఉన్నాడు. బుల్లెమ్మని చూసి ముందు గుర్తుపట్టలేదు. మోచెయ్యి చూసి మంచం మీంచి లేచాడు.

పంచె పక్కన పెట్టేసి, మెట్ల సంగతి అడిగి అడిగి చెప్పించుకున్నాడు. మనుషులెక్కే బెల్టంటే ముసలాయనకి నమ్మకం కుదరలేదు.

"అన్నీ బానే ఉన్నాయి గాని అమ్మాయ్, గొలుసు తెగితే?"

ప్రసన్నకుమారి తడబడింది. "అది నేను అడగలేదు బాబాయ్."

"అదే అడగాలి ముందు!"

అడగడానికి ఆయనే వచ్చాడు. సర్వీసింగు ఉన్న రోజు పొద్దున్నే కొడుకు స్కూటరు మీద తీసుకొచ్చి దింపాడు. మణిశంకర్ ఈసారి కిందివైపు మూత తెరిచి, గొలుసుల్ని బిగువుగా లాగి పట్టుకునే స్ప్రింగులూ, వాటి పక్కన స్విచ్చులూ చూపించాడు.

"తెగేదాకా ఎందుకండీ, గొలుసు ఎక్కువగా సాగినా ఈ చక్రం జరిగి స్విచ్చుకి తగులుతుంది. ఆగిపోతుంది."

అబ్బులు మోకాళ్ళ మీద కూర్చుని తొంగిచూశాడు. గొలుసు లింకు మీద వేలు రాసి, వేలికంటిన ఆయిలు వెలుతుర్లో పెట్టి చూసుకున్నాడు. "బాగా చూసుకుంటన్నావు బాబూ," అన్నాడు. ఆ మాటకి మణిశంకర్ ముఖం వెలిగిపోయింది.

"ఇంక ఎక్కు, షాపు తెరిచే వేళయింది," అని కూతురితో పాటు వచ్చిన బుల్లెమ్మ కసిరింది. ఖాళీ షాపులో ముగ్గురూ ఎక్కారు. కర్ర చేత్తో పట్టుకుని అబ్బులు వంగి పక్కరేకుకేసి చెవి పెట్టి, చప్పుడు వింటూ పైకి వెళ్ళాడు.

ఆ మరుసటి వేసవిలో అబ్బులు పోయాడు. తర్వాత్తర్వాత ఊళ్ళో మరికొన్ని షాపుల్లో అలాంటి మెట్లు వచ్చాయి. జనం చెయ్యి అడగడం మానేశారు. పిల్లలైతే ఆగనుకూడా ఆగకుండా ఎక్కేసేవారు. మెట్ల దగ్గర మనిషి అక్కర్లేదని తేలాక అనంతకృష్ణ గారు ప్రసన్నకుమారిని పైన పిల్లల బట్టల కౌంటర్లో వేశారు. పుష్కరాలప్పుడూ, దసరాలప్పుడూ ఉండే ఆ కేకలూ నవ్వులూ లేక కింద వెలితిగా ఉండేది.

కోనసీమ నుంచి వచ్చే పాత ఖాతాదార్లు అప్పుడప్పుడు ఆగి చూసేవారు. "ఏమ్మా మెట్లమ్మా, కింద ఉండేదానివి, పైకెప్పుడొచ్చావు?"

"మా అమ్మ లాక్కొచ్చిందండి," అని నవ్వి, గౌనులు తీసి పరిచేది.