ఆయన వచ్చినాడా?

మొన్న మంగళవారం మధ్యాహ్నం, ఆత్మకూరులో మా ఇంట్లోనే, మా అత్తమ్మ నిద్రలో వెళ్ళిపోయారు. మరునాడు ఉదయగిరి తీసుకెళ్ళి మామయ్య పక్కనే సమాధి చేశాం. పలకరించడానికి వచ్చినవాళ్ళు, పెద్ద వయసే కదా, సుఖంగా పోయిందని అంటున్నారు. కాదనలేను. కానీ ఆమె చివరి రోజులు అంత సుఖంగా గడవలేదు.

అత్తమ్మ ఉదయగిరి చర్చిలో చాలాకాలం ఆదివారపు బడి టీచరు. సాయంత్రాలు జబ్బుపడినవాళ్ళ ఇళ్ళకు వెళ్ళి కూర్చునేవారు. నా పెళ్ళయిన కొత్తలో నన్నూ వెంట తీసుకెళ్ళేవారు. "ఎట్లుండాదని ఊరికినే అడగబాక అమ్మాయ్. వినేదానికి టైముంటేనే అడుగు" అనేవారు.

మామయ్య బస్సు డ్రైవరు. ఆయన పోయాక అత్తమ్మ మా దగ్గరికి వచ్చేశారు. కొన్నాళ్ళకు మతిమరుపు మొదలైంది. వేసుకున్న మాత్రలే మళ్ళీ వేసుకునేవారు. ఎటు పోతున్నారో తెలియకుండా వీధిలోకి నడిచేవారు. మేమిద్దరం ఉద్యోగాలకు వెళ్ళాలి. పగలు తోడుకు ఒకామెను పెట్టుకున్నాం గానీ, ఆమె ఒక్కతే అన్నీ కనిపెట్టలేకపోయేది. అందుకని మా ఆయన కృత్రిమ మేధతో పనిచేసే మాట్లాడే పెట్టె ఒకటి తెచ్చి అత్తమ్మ గదిలో పెట్టారు. మాత్రల వేళకు పిలిచేది. ఆమె గడప దాటితే మా ఫోన్లు మోగించేది. ఈరోజు ఏ వారమని ఎన్నిసార్లు అడిగినా విసుక్కోకుండా చెప్పేది.

ఒకరోజు నేను పనిచేసే బడి నుంచి వచ్చేసరికి అత్తమ్మ గుండెలు బాదుకుంటూ ఏడుస్తున్నారు. "ఆయన వచ్చినాడా?" అని పెట్టెను అడిగారట. ఇంటి సంగతులన్నీ దానికి మా ఆయనే చెప్పి పెట్టారు. మీ భర్తగారు మరణించారని అది ఉన్నమాటే చెప్పింది.

"నాకెవురూ చెప్పలేదే" అని అత్తమ్మ నా చేతులు పట్టుకున్నారు.

తెల్లారేసరికి అంతా మరిచిపోయారు. మళ్ళీ అడిగారు, మళ్ళీ విన్నారు. ప్రతిసారీ మామయ్య ఆమెకు అప్పుడే పోయినట్టు.

మామయ్య డ్యూటీలో ఉన్నాడని చెప్పేటట్టు పెట్టెను మార్చమని మా ఆయనతో అన్నాను.

"మాయమ్మకు నేను అబద్ధం చెప్పలేను. పెట్టెతో చెప్పిస్తే అది నాది కాకుండా పోతాదా?" అన్నారు.

పెట్టె ఆపేశాం.

ఆ ఆదివారం నేను కూర తరుగుతుంటే అత్తమ్మ వచ్చి అదే మాట నన్ను అడిగారు. ఏం చెప్పాలో తోచక, మామయ్య ఏ రూటులో తిరిగేవారు అత్తమ్మా అన్నాను. ఆమె కుర్చీ లాక్కుని కూర్చున్నారు. బద్వేలు బస్సట. కొత్త పెళ్ళికూతురుగా మర్రిపాడు వెళ్ళడానికి ఆ బస్సే ఎక్కితే, ఈమె ఎవరని కండక్టరు మామయ్యను అడిగాడట.

"మా ఊరామె అన్నాడమ్మాయ్, సిగ్గుతో. వారం దాకా నేను మాట్లాడలా" అని నవ్వారు.

పక్క గదిలో మా ఆయన పేపరు దించి వింటున్నారు. ఆ సంగతి ఆయనకూ కొత్తే.

ఆ రోజే పెట్టెను మళ్ళీ పెట్టి, దానికి తెలుగులోనే చెప్పారు. నాయన వచ్చినాడా అని అమ్మ అడిగితే జవాబు చెప్పొద్దు, నాయన గురించే ఏదో ఒకటి అడుగు అని. అట్లాగే అడిగేది. మామయ్యకు ఏ కూర ఇష్టమో, కోపమొస్తే ఏం చేసేవారో అత్తమ్మ దానికి గంటలకొద్దీ చెప్పేవారు. కొన్ని రోజులు మాత్రం, ముందు వచ్చినాడో లేదో చెప్పమని పట్టుబట్టి ఏడ్చేవారు. అప్పుడది మాకు కబురు చేసేది. మాలో ఒకరం వెళ్ళి చెయ్యి పట్టుకుని కూర్చునేవాళ్ళం.

మొన్న మంగళవారం ఆమెకు ఒంట్లో నలతగా ఉంటే సెలవు పెట్టాను. రెండు ముద్దలు తిని పడుకున్నారు. కాసేపటికి, ఆయన వచ్చినాడా అని అడిగారు.

వస్తే ఎక్కడ కూర్చోబెడతారు అత్తమ్మా అన్నాను.

ఆమె మెల్లగా గోడవైపుకు జరిగారు. ఖాళీ అయిన చోట దుప్పటి ముడతలు చేత్తో సర్ది, ఆ చెయ్యి అక్కడే ఉంచి కళ్ళు మూసుకున్నారు.