పద్నాలుగు పళ్ళ చక్రం

ట్రాక్టర్‌ను దాటుదామని కుడివైపుకు వచ్చాక అద్దంలో టమాటా లారీ కనిపించింది. యాక్సిలరేటర్ పూర్తిగా తిప్పాను. ఇంజన్ అరిచింది గానీ బైకు ముందుకు ఉరకలేదు. స్పీడు ముల్లు అరవై దగ్గరే వణుకుతోంది. ములబాగిలు హైవే మీద, ఎనిమిదేళ్ల కూతురు వెనక నా నడుము పట్టుకుని ఉండగా, ఈ బండిలో ఇంక వేగం లేదని నాకు తెలిసిన క్షణం అది. లారీ హారన్ వీపుకు తగిలినట్టయింది. బ్రేకు వేసి మళ్ళీ ట్రాక్టర్ వెనక్కి దూరాను. తర్వాత పక్కకు ఆపితే, పాప చేతులు విడిపించడానికి చాలాసేపు పట్టింది.

మేముండేది తమక అనే ఊళ్లో. నేను కౌలుకు తీసుకున్న మల్బరీ తోట, పట్టుపురుగుల షెడ్డు ఆవని ఊరి దగ్గర ఉన్నాయి. చాలా దూరం హైవే, చివర తోట నుంచి గుట్ట మీది షెడ్డు దాకా రెండు కిలోమీటర్లు రాళ్ల దారి. పురుగులు ఆకు తినే రోజుల్లో ఆలస్యం కుదరదు. బస్సును నమ్ముకుంటే అక్కడికి చేరేసరికి సగం పొద్దు పోతుంది. బండి లేకపోతే నాకు షెడ్డు లేదు.

బండిలో చైను తిప్పే పళ్ళ చక్రాలు రెండు; కంపెనీ ఇచ్చిన ముందు చక్రానికి పదిహేను పళ్ళు. రోడ్డు మీద హాయిగా పోయేది. ఆకు మూటలతో రాళ్ల దారి ఎక్కితే మాత్రం మొదటి గేరులో కూడా క్లచ్ సగం పట్టుకునే ఉండాలి. కాలిన వాసన వచ్చేది. రెండుసార్లు బండి ఆగిపోయి వెనక్కి జారింది.

"పాల బండి సెట్టు వేసేస్తా అమ్మా" అన్నాడు మెకానిక్. మా వైపు గుట్ట ఊళ్లనుంచి పాల డైరీకి క్యాన్లు మోసేవాళ్లంతా పదమూడు పళ్ళ చక్రమే వేయించుకుంటారు. పళ్ళు తగ్గితే వేగం తగ్గుతుంది గానీ ఎంత బరువున్నా బండి ఎక్కేస్తుంది. కానీ వాళ్లు ఊరినుంచి డైరీకి పోతారు, తిరిగి ఊరికి వస్తారు. హైవే ఎక్కరు. ఆ సంగతి అతనికి తట్టలేదు. డిగ్రీలో ఫిజిక్స్ చదివిన నాకూ తట్టలేదు. పది రోజులు రాళ్ల దారి మీద సంబరంగా తిరిగాను. హైవే మీద ఎడమ అంచునే నెమ్మదిగా పోయాను గనుక ఏమీ తెలియలేదు.

హైవే మీద అలా జరిగింది ఆదివారం పొద్దున. వేమగల్ ఫ్యాక్టరీలో పనిచేసే నా భర్తకు ఆరోజు సెలవు. సంగతంతా పాప నోటితోనే విన్నాడు.

"అమ్మేద్దాం ఇంగ. స్కూటీ తీసుకో."

"స్కూటీ ఆ రాళ్లమీద యాడ ఎక్కుతాది?"

"అట్లైతే షెడ్డే వద్దు. బిడ్డలకన్నా పురుగులు ఎక్కువైపోయినాయా నీకు?"

ఆ మాట ఎక్కడ తగలాలో అక్కడే తగిలింది. గ్యాసు ఆపానా లేదా అని మూడుసార్లు లేచి చూసే మనిషిని నేను. పిల్లలు స్కూలునుంచి అయిదు నిమిషాలు ఆలస్యమైతే వీధి చివర నిలబడతాను. భయపడటం నాకు ఎవరూ నేర్పక్కర్లేదు. నా భయాన్ని నా షెడ్డుకు తాళంగా వాడితే మాత్రం ఒప్పుకోను.

పాప నోటుపుస్తకం వెనక లెక్క వేశాను. వెనక చక్రానికి నలభై రెండు పళ్ళు. దాన్ని పదిహేనుతో భాగిస్తే రెండు పాయింట్ ఎనిమిది. పదమూడుతో అయితే మూడుంబావుకు దగ్గర. పద్నాలుగుతో సరిగ్గా మూడు. ముందు ఒక్క పన్ను తగ్గితే వెనక మూడు పెంచినట్టే. మేము ఒకేసారి రెండు తగ్గించాం.

మధ్యాహ్నం మెకానిక్ దగ్గరికి వెళ్లాను.

"పద్నాలుగా? గుట్టకి పదమూడు, రోడ్డుకి పదైదు. మధ్యలో ఏముండాదమ్మా?"

"నేను ఉండానన్నా. రెండు దార్లూ నేనే పోవాల."

"మీ ఇంటాయన్ని ఒక మాట అడిగి..."

"ఆయన ఈ బండి నడపడు. నడిపేదాన్ని నీ ముందరే ఉండాను."

అతను నవ్వుతూ చక్రం మార్చి, చైను బిగించాడు. "బాగాలేకపోతే నన్ను అనొద్దు."

"అంటానన్నా. మొన్న వేసిందానికే ఇంకా అనలేదు."

అటునుంచి అటే ఒంటరిగా బయలుదేరాను. హైవే మీద అరవై దాకా ఇంజన్ గొంతు పెంచలేదు. ముందు పోతున్న ట్రాక్టర్‌ను దాటాను, దాటాక కూడా చేతిలో కొంచెం వేగం మిగిలింది. రాళ్ల దారి అంత సులువుగా లేదు. పెద్ద బండ దగ్గర మలుపులో లేచి నిలబడి, ఒళ్లు ముందుకు వంచి, క్లచ్ కొంచెం పట్టాల్సి వచ్చింది. ఒక మూటతో ఎక్కింది. రెండు మూటలతో ఆగింది. సరే, రెండుసార్లు ఎక్కుతాను.

మరునాడు పొద్దున జడ వేస్తుంటే పాప అడిగింది, ఈరోజు కూడా పోతావా అని. అన్నం కెరియర్ ముందర కూర్చున్న పాప తమ్ముడూ తలెత్తాడు.

"పోతాను" అన్నాను. "నిన్న నాకూ భయమేసింది. తప్పు చక్రం వేయించుకున్నాను, మార్పించినాను. నువ్వు మళ్ళీ వస్తానని అడిగేదాకా నిన్ను ఎక్కించుకోను. ఎవరైనా అడిగితే అమ్మ షెడ్డుకి పోయిందని చెప్పండి. ఎట్లా పోయిందంటే, బండిమీదే అని చెప్పండి."