రెండొందల పన్నెండు మీద నాలుగు

మా అమ్మమ్మ జ్ఞానమ్మగారు క్యాన్సర్ డాక్టరు. మందులిచ్చే డాక్టరు కాదు, క్యాన్సర్ ఎందుకొస్తుందో వెతికే డాక్టరు. ఆ తేడా నాకు పదేళ్ళుగా చెబుతోంది, నాకింకా ఎక్కలేదు. నేను ఇంటర్ రెండుసార్లు తప్పి తెనాలిలో ఒక షాపులో ఫ్లెక్సీలు డిజైన్ చేస్తుంటాను. మనిషి ఫొటో పెద్దగా, అంకె ఇంకా పెద్దగా వేస్తే జనం ఆగి చూస్తారు. నాకొచ్చిన విద్య అదొక్కటే.

అమ్మమ్మతో చదువుకున్నవాళ్ళు బాపట్లలో సన్మానం పెడితే, ఫ్లెక్సీ నేనే వేస్తానన్నాను. మరి అంకె కావాలిగా. ఫోన్లో ఆవిడ పేరు కొట్టాను. ముప్పై ఎనిమిది వ్యాసాలు వచ్చాయి. ఒక్కోదాని పక్కన ఒక అంకె. లోకంలో ఎన్ని వ్యాసాలు దాన్ని ప్రస్తావించాయో ఆ లెక్కట. చాలావాటికి పదో పదిహేనో. ఒకదానికి మాత్రం రెండొందల పన్నెండు! దాన్నే ఎర్రగా, అమ్మమ్మ తలకాయంత వేసి బాపట్ల పంపించేశాను.

సభకి ముందురోజు రేపల్లెలో అమ్మమ్మ ఇంటికి వెళ్ళి ఫోన్లో చూపించాను. ఆవిడ కళ్ళజోడు తీసి, తుడిచి, మళ్ళీ పెట్టుకుంది.

"ఇదేంటే జెన్నీ?"

"నీ గొప్పతనం, అమ్మమ్మా."

"ఇది నా తప్పు. తీయించెయ్."

రెండొందల పన్నెండు మంది తప్పుని తలుచుకుంటారా? నాకు బుర్ర తిరిగింది. అప్పుడు చెప్పింది.

ముప్పై ఆరేళ్ళ కిందట పెనుమూడి చుట్టుపక్కల ఇల్లిల్లూ తిరిగిందట. నోట్లో పుండ్లున్న ఆడవాళ్ళని కూర్చోబెట్టి, చుట్ట తాగుతావా అని అడగడం, రాసుకోవడం. నూరుమందిలో అరవైమంది తాగం అన్నారు. అయితే పండుమిరపకాయల పచ్చళ్ళ కారమే కారణం కావచ్చని రాసింది. ఆ వ్యాసమే దేశాలన్నీ తిరిగింది.

ఐదేళ్ళకి ఆసుపత్రి వరండాలో ఒకావిడ అమ్మమ్మని పిలిచి, "అమ్మా, కాస్త అగ్గిపెట్టె ఉంటే ఇస్తారా?" అందట. చూస్తే పెనుమూడి కొండమ్మ. పుస్తకంలో ముప్పై ఏడో నంబరు, చుట్ట తాగదు.

"తాగనని చెప్పావు కదే కొండమ్మా!"

"ఏం చేయనమ్మా? మా అల్లుణ్ణి ఎదురుగా మంచమ్మీద కూర్చోబెట్టి అడిగితిరి. అల్లుడి ముందు ఏ అత్తయినా ఒప్పుకుంటుందా?"

మర్యాద కోసమని అమ్మమ్మ ప్రతి ఇంట్లోనూ మగవాళ్ళని పక్కన కూర్చోబెట్టుకునే అడిగింది. అత్తల పక్కన అల్లుళ్ళు, కోడళ్ళ పక్కన బావగార్లు. మళ్ళీ వెళ్ళింది. ఈసారి నాట్ల వేళ, పొలం గట్టున, ఆడవాళ్ళు ఒంటరిగా దొరికినప్పుడు. తాగం అన్న అరవైమందిలో యాభై ఒక్కమంది కొంగులో చుట్ట తీసి చూపించారు. కారం తప్పు కాదు, చుట్టే అని రెండో వ్యాసం రాసింది.

"దిద్దుకున్నావుగా. దానికెంత?"

"నాలుగు."

"నాలుగొందలా?"

"నాలుగే. అందులో ఒకటి నేను రాసిందే."

"మరి ఆ రెండొందల పన్నెండూ?"

"కొంతమంది తప్పని చెప్పడానికి రాశారు. మిగిలినవాళ్ళు ఇంకా నిజమే అనుకుంటున్నారు. ఆ అంకె కింద నిలబడి శాలువా కప్పించుకుని, కొండమ్మ మొహం ఎలా చూడను?"

"కొండమ్మ పోయి పాతికేళ్ళయిందిగా. మొహం చూసే పని లేదులే."

వీపు మీద ఒకటి పడింది. డెబ్భై నాలుగేళ్ళ చెయ్యి అయినా చుర్రుమంది.

మర్నాడు బాపట్లలో నేను తెల్ల స్టిక్కరు, నల్ల మార్కరు పట్టుకుని వెళ్ళాను. కొత్తది వెయ్యడానికి టైము లేదు. సభ మొదలయ్యే ముందు అమ్మమ్మ కుర్చీ ఎక్కి, ఎర్ర అంకె మీద స్టిక్కరు అంటించి, స్వయంగా '4' వేసింది. కుర్చీ నేను పట్టుకున్నాను.

సన్మాన సంఘం కార్యదర్శి బసవేశ్వరరావుగారు పరిగెత్తుకొచ్చారు. "అమ్మా, ఇదేంటండీ? నిన్న రెండొందల పైన ఉందండీ!"

"ఉండేదండి. ఇదే నిజమండి."

ఆయన నా వైపు చూశారు. నేను ఫ్యాను వైపు చూశాను.

మైకు ముందు అమ్మమ్మ కొండమ్మ సంగతి అరగంట చెప్పింది. పుస్తకంలో ముప్పై ఏడో నంబరు తనతోనే అబద్ధమాడిందనీ, ఆ అబద్ధం తనే ఆడించిందనీ చెప్పింది. ఎక్కడ చప్పట్లు కొట్టాలో ఎవరికీ తెలియలేదు. చివరికి వెనకెవరో కొడితే అందరూ కొట్టారు. కొట్టింది తప్పుకో, దిద్దుబాటుకో, శాలువాకో నాకిప్పటికీ తెలీదు.

తిరిగొచ్చే బస్సులో శాలువా మడత ఒళ్ళో పెట్టుకుని అడిగింది. "ఇంతమంది విన్నారుగా. పెరిగిందేమో చూడవే."

"అమ్మమ్మా, వాళ్ళలో సగంమంది వక్కపొడి నములుతూ విన్నారు. అది అప్పటికప్పుడు పెరగదు."

"చూడమన్నాను."

చూశాను. నాలుగే ఉంది. చెప్పాను. సరేలే, రేపు చూద్దాం అని కిటికీ వైపు తిరిగింది.

అప్పటినుంచీ రోజూ పొద్దున్నే రేపల్లె నుంచి ఫోను. నాలుగే అంటాను. మొదటి వ్యాసం రెండొందల పదమూడయింది. అది మాత్రం ఆవిడకి చెప్పలేదు.