పేరు లేని గిన్నె

బాన్సువాడలో నాది స్టీలు సామాన్ల దుకాణం. కొన్న గిన్నె మీద పేరు కొట్టి ఇవ్వడం నాకు అన్నిటికన్నా ఇష్టమైన పని. పెళ్ళికి పెట్టే బిందె అయినా, చంటిపిల్ల పాలగ్లాసు అయినా మిషన్ పట్టుకుని గిర్రుమని చెక్కేస్తాను. పేరుంటే గిన్నె ఊరంతా తిరిగినా ఇల్లు చేరుతుందని వచ్చిన వాళ్ళందరికీ చెబుతాను. అలాంటి నేను పేరు లేని గిన్నె వెంట పిట్లం దాకా పోవాల్సి వచ్చింది.

అంతా హైదరాబాద్‌లో ఉండే మా బావమరిది చలవే. కిరాయి దుకాణాన్ని ఎప్పటికైనా సొంతం చేసుకోవాలని నేను దాచుకున్నదంతా అతని మాట విని క్రిప్టోలో పెట్టాను. ఫోన్లో ఉంటే దొంగల పాలవుతుందని, పెన్‌డ్రైవ్ లాంటి హార్డ్‌వేర్ వాలెట్ ఒకటి తెచ్చిచ్చాడు.

"బావా, పైసలు గిండ్ల ఉండవు. తాళంచెవి ఒక్కటే ఉంటది. ఇది పాడైనా ఫికర్ లేదు. మొదట్ల ఇది చూపించే ఇరవై నాలుగు ఇంగ్లీషు మాటలు వరుసగ రాసి దాచు. గవి ఉంటే మళ్ళ తెరుచుకోవచ్చు. ఫొటో తియ్యకు, ఎవ్వరికీ చెప్పకు."

కాగితమైతే చెదలు తింటాయి. స్టీలు దుకాణం వాడికి కాగితంతో ఏం పని? మూత ఉన్న గిన్నె ఒకటి తీసి, బయట అడుగున ఆ మాటలన్నీ చీమ తలకాయంత అక్షరాల్లో చెక్కాను. పేరు మాత్రం కొట్టలేదు. ఎవరి చేతిలో పడినా ఎవరిదో తెలియకూడదు కదా! నా తెలివికి నేనే మురిసిపోయి, దాన్ని వంటింటి అటక మీద పెట్టాను. మా ఆవిడకు కూడా చెప్పలేదు.

కొన్నాళ్ళకు వాలెట్ పిన్ మరిచిపోయాను. ఏటీఎం పిన్, ఫోన్ పిన్ అన్నీ బుర్రలో కలగాపులగం అయ్యాయి. మూడుసార్లు తప్పు కొట్టేసరికి అది తనలో ఉన్నదంతా తుడిచేసుకుని, మొదటి రోజులాగే నాకు స్వాగతం చెప్పింది. బావమరిదికి ఫోన్ చేస్తే నవ్వాడు. "దాని పనే గది బావా. మాటలున్నయి కదా, కొట్టెయ్."

అటక మీద గిన్నె లేదు.

"గా మూత గిన్నెనా?" అంది మా ఆవిడ. "పేరు లేకపాయె, దుకాణంల అమ్ముడుపోనిదేమో అనుకున్న. పక్కింటి అక్కకు నిమ్మకాయ తొక్కు పెట్టిచ్చిన. ఏంది, గట్ల చెమటలు పడుతున్నయి?"

చెప్పక తప్పలేదు. అంతా విని ఆమె కొంగు దోపుకుని పక్కింటికి నడిచింది, వెనకే నేను.

పక్కింటి అక్క వాళ్ళది బట్టల వ్యాపారం. రంజాన్‌కు వాళ్ళ గిన్నె మా ఇంటికి, దసరాకు మా గిన్నె వాళ్ళింటికి. "అయ్యో అన్నా, అది మీదేనా? తొక్కు సీసాలకు తీసి, కడిగి పెట్టిన. తర్వాత ఎవరిదో యాదికి రాలె, పేరు లేకపాయె. షీర్ ఖుర్మా పోసి పిట్లంల మా చెల్లెకు పంపిన."

బస్సెక్కాం. నా దుకాణం మొత్తం ఆ గిన్నె అడుగున ఉందన్న ఆలోచనకు, కండక్టర్ ఎక్కడికని అడిగితే ఊరి పేరు కూడా నోట రాలేదు. మా ఆవిడే టికెట్లు తీసుకుంది.

పిట్లంలో ఆ చెల్లె మా గిన్నెలో కారప్పొడి పోసుకుంది. ఖాళీ గిన్నె ఇస్తే చాలమ్మా అన్నాను.

"ఖాళీ గిన్నె ఎట్లిస్త అన్నా? మంచిగుండదు. కూసోండ్రి."

కూర్చున్నాం. లోపల సేమ్యా వేగుతున్న వాసన వచ్చింది. నేను పళ్ళు నూరుకున్నాను. చివరికి గిన్నె నిండా పాయసంతో, సెగలు కక్కుతూ నా ముందుకు వచ్చింది. అడుగు చూద్దామని పైకెత్తబోతే మా ఆవిడ చెయ్యి పట్టుకుంది. "ఒలకపోస్తవా ఏంది? తిను ముందు."

తిన్నాను. అంత మంచి పాయసాన్ని అంత భయపడుతూ ఎవరూ తిని ఉండరు. గిన్నె ఖాళీ అయ్యాక తిప్పి చూస్తే మాటలన్నీ ఉన్నాయి. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. మీ ఇంటి కారం ఘాటమ్మా అని బుకాయించాను.

ఇంటికొచ్చి ఆ మాటలు వరుసగా కొడితే వాలెట్ తెరుచుకుంది. రెండు ఊళ్ళు తిరిగొచ్చిన మాటలను నమ్మొద్దని బావమరిది ఇంకో వాలెట్ తెప్పించి, ఉన్నదంతా అందులోకి మార్పించాడు. కొత్త మాటలు చెక్కడానికి మిషన్ ఇంటికి తెచ్చుకుని మళ్ళీ దాని ముందు కూర్చున్నాను. అప్పుడు అడిగింది మా ఆవిడ.

"ఎవ్వరికీ చెప్పొద్దంటే నాకు గూడ చెప్పొద్దనా? రేపు నీకేమన్న అయితే నేను ఏ గిన్నె వెంబడి తిరగాలె?"

సిగ్గేసింది. ఆమె లోపలికి పోయి, పుట్టింటివాళ్ళు పెట్టిన ఇత్తడి గంగాళాన్ని దొర్లించుకుంటూ వచ్చి నా ముందు బోర్లించింది. దాని మీద ఆమె పేరు ఉంది. నేను కొట్టింది కాదు, నాకంటే ముందే ఎవరో కొట్టింది.

"నా పేరు కింద కొట్టు. చదువుకుంట కొట్టు, నేను గూడ వింట. దీన్ని ఎవ్వరికీ ఇయ్యను," అంది. గంగాళం మీద చెయ్యి వేసి మళ్ళీ అంది. "అడిగితే నీకు గూడ ఇయ్యను."