పెద్దమ్మను ‘మీరు’ అన్న పలక

మొన్న నాగర్‌కర్నూల్‌లో బస్సు కోసం కూర్చుని ఉంటే, పక్కన ఒకావిడ ఫోన్‌ను నోటి దగ్గర పెట్టుకుని, “గిట్ల గాదు, గట్ల చెయ్యుమను” అంది. ఫోన్ ఆ మాటల్ని ఉన్నదున్నట్టు అక్షరాల్లో రాసేసింది. మర్యాద కాదని తెలిసినా మెడ చాచి మరీ చూశాను. ఈ యంత్రాలకు మా పాలమూరు మాట ఎప్పుడు పట్టుబడిందో నాకు తెలియదు. మా పెద్దనాయన టాబ్లెట్ కొన్న కొత్తలో మాత్రం మా మాట దానికీ, దాని తీరు మాకూ ఒక్క ముక్క అర్థమయ్యేది కాదు.

వడ్డేపల్లి దగ్గరి పల్లెలో పత్తి విత్తనాల సాగు పెద్దనాయనది. కొత్త వస్తువు ఏది వచ్చినా ఊళ్లో మొదట ఆయన ఇంటి గడపే తొక్కాలి. పంపు అయినా, పొయ్యి అయినా, అది పనిచేస్తుందా లేదా అన్నది తర్వాతి సంగతి. టాబ్లెట్ మాత్రం సరదాకు కొన్నది కాదు. ఒక విషజ్వరం తర్వాత పెద్దమ్మకు రెండు చెవులూ వినబడకుండా పోయాయి. చెవి మిషన్ పెట్టిస్తే, ఈల తప్ప ఏమీ వినిపించడం లేదని తీసి పోపుల డబ్బాలో పడేసింది. ఆమె ఐదో తరగతి దాకా చదివింది. మాట్లాడితే అక్షరాలు రాసే పలక ఒకటి ఉందని ఎవరో చెప్పగానే, పెద్దనాయన గద్వాలలో ఉన్న నన్ను వెంటబెట్టుకుని వనపర్తికి వెళ్లి కొన్నాడు. తిరిగి వచ్చేటప్పుడు బస్సులో దాన్ని తువ్వాలలో చుట్టి, కోడిపిల్లను పట్టుకున్నట్టు ఒళ్లో పట్టుకున్నాడు.

ఇంటికి రాగానే పెద్దమ్మను ఎదురుగా కూర్చోబెట్టి, పలకకు దగ్గరగా వంగి, “జర ఆగు, వస్త” అన్నాడు. తెర మీద ‘జ్వరం ఆగు వస్తువు’ అని వచ్చింది. పెద్దమ్మ చదివి గాభరాగా ఆయన నుదుటి మీద చెయ్యి పెట్టింది. “జరమా? ఎప్పటి సంది?” అని అడిగింది. కాదని చేతులు ఊపితే, జ్వరం తలకెక్కిందనుకుని మిరియాల కషాయం కాచి తెచ్చింది. ఆయన దాన్ని చుక్క మిగలకుండా తాగాడు.

తప్పు యంత్రానిది కాదు, తన మాటదే అని పెద్దనాయన తేల్చుకున్నాడు. వారం రోజులు టీవీ వార్తలు విని అదే తీరున మాట్లాడటం నేర్చుకున్నాడు. “మీరు భోజనం చేశారా? నేను పొలానికి వెళ్తున్నాను” అంటే పలక తప్పు లేకుండా రాసింది. ఆయన ముఖం వెలిగిపోయింది. పెద్దమ్మ అది చదివి, తన వెనక ఎవరున్నారా అని తిరిగి చూసింది. ఎవరూ లేరు.

తర్వాత కొన్నాళ్లకు ఆమె ఆ పలక వంక చూడటమే మానేసింది. కబురు అంది నేను వెళ్లేసరికి, పెబ్బేరులో చెల్లెలింటికి పోతానని సంచి సర్దుకుని అరుగు మీద కూర్చుంది. తన గొంతు తనకు వినబడదు కాబట్టి వీధి వీధంతా వినేలా అంది: “నలభై ఏండ్ల సంది ఏమే అని పిలిచినోడు ఇయ్యాల మీరు అంటుండు. చెవులు పోంగనే పరాయిదాన్నైతినా బిడ్డా?”

పెద్దనాయన తెల్లబోయి నిలబడ్డాడు. “మంచిగనే మాట్లాడిన గద. మర్యాద ఇస్తే కోపమేంది?” అని నన్నడిగాడు.  నేను పలకను ఆపేయబోయి ఎక్కడో ఏదో నొక్కాను. తెల్లటి ఖాళీ పేజీ తెరుచుకుంది. వేలు తగిలిన చోట నల్లగీత పడింది. “నువ్వే రాయి పెద్దనాయనా” అని చేతికిచ్చాను. మట్టికి మొద్దుబారిన ఆయన వేలిని అద్దం గుర్తుపట్టలేదు. ఎంత రుద్దినా గీత పడదే! “నేను మనిషినే గాదంటుందా ఇది?” అన్నాడు నిజంగానే భయపడి. నాకు ఏమీ తోచక, వేలు తడి చేసుకొమ్మన్నాను. చెంబులో ముంచి, తువ్వాలకు అద్దుకుని, వంకర అక్షరాలతో ‘తింటివ’ అని రాశాడు.

పెద్దమ్మ అది చదివింది. పలకను ఒళ్లోకి లాక్కుని, ‘వ’కు దీర్ఘమిచ్చింది. తర్వాత ఆయన వైపు చూసి, “తినలే. నువ్వు తింటివా?” అని గట్టిగా అడిగింది. సంచిలోంచి చీరలు తీయమని ఎవరూ చెప్పలేదు, తనే తీసింది.

ఆనాటి నుంచి వాళ్ల మాటలన్నీ వేలితోనే. పెద్దనాయన రాసిందాన్ని తువ్వాలతో అడ్డంగా తుడిచేవాడు, మళ్లీ తెల్లటి పేజీ వచ్చేది. అది చెరిగిపోదని, ప్రతి పేజీ లోపలే దాగి ఉంటుందని మాకెవరికీ చాలాకాలం తెలియదు. తెలిసిన రోజున ఆ పేజీలన్నీ తిప్పుతూ, చెవులు బాగున్నప్పుడు మీరిద్దరూ ఏం మాట్లాడుకునేవాళ్లని పెద్దమ్మను రాసి అడిగాను. ఆమె ఆలోచించి, “ఏమో బిడ్డా, తెల్వదు. యాదికి లేదు” అంది. ఆ నలభై ఏళ్లు ఎటు పోయాయో నాకూ తెలియదు. ఆ తర్వాతి ఏళ్లు మాత్రం, ఉప్పు ఎక్కువైందన్న పోట్లాటతో సహా, తేదీల వారీగా అలాగే ఉన్నాయి.