రోగం చూపిస్తేనే తేనె

హజరత్తయ్య చేతిలోంచి తేనెచుక్క రాలాలంటే ముందు ఆయనకి రోగం చూపించాలి. పుండుంటే పుండు, దగ్గుంటే దగ్గు, చెయ్యి కాలితే చెయ్యి. ఊరికే నోరు తీపి చేసుకోవడానికి తేనె అడిగినవాడు ఆయన దృష్టిలో చెరువుకట్టకి గండి కొట్టినవాడితో సమానం.

వృత్తికి పరుపులు కుట్టే మనిషి. తోటపల్లి గూడూరులో ఆయన ఏకిన దూది లేని ఇల్లు లేదు. కానీ యానాదులు పుట్టతేనె తెస్తే చాలు, ఉన్నదంతా కొని, సీసాలకెత్తి, అటక మీద దూదిమూటల వెనక దాచేవాడు. పెళ్ళికి ముందే మొదలైన ఈ పిచ్చి పంతొమ్మిది వందల అరవై రెండు నాటికి పద్నాలుగు సీసాలైంది. ఆ ఇంటి ఇల్లాలు నాగూర్‌బీకి మాత్రం పెళ్ళయి పదకొండేళ్ళయినా ఒక్క చెంచా దక్కలేదు. ఇంతకన్నా అన్యాయం ఎక్కడైనా ఉంటుందా?

"ఒక్క చుక్క వెయ్యవయ్యా, నాలిక్కి రాసుకుంటా," అని అడిగేది.

"ఏం రోగం?"

"రోగమేంది? ఆశ!"

"ఆశకి మందు లేదు. పో."

ఒకసారి దొంగదగ్గు దగ్గి చూసింది. ఆయన ఆమె వీపుకి చెవి ఆనించి విన్నాడు. "ఈ దగ్గు గొంతులోనే పుట్టి గొంతులోనే చస్తా ఉంది. లోపల్నించి రాలా," అని మిరియాల కషాయం తాగించాడు. ఆ మంట రెండు రోజులుంది.

కరణం పద్మనాభయ్య గారికీ ఇదే మర్యాద. కొత్తల్లుడు దోసెల్లోకి తేనె కావాలన్నాడని ఆయన స్వయంగా వచ్చాడు.

"అల్లుడు గారికి ఏం జబ్బు సామీ?"

"జబ్బేందయ్యా? గుండ్రాయి మాదిరి ఉండాడు!"

"గుండ్రాయికి తేనెందుకు సామీ? బెల్లం పాకం లేదా? రేపు ఒళ్ళు కాలిన బిడ్డని తెస్తే ఏం పుయ్యమంటారు, మీ అల్లుడి దోసెనా?"

కరణం గారు ఉత్తచేతుల్తో పోయాడు. ఆ ఏడు వాళ్ళింటి పరుపుల పని పొరుగూరివాడికి పోయింది. నాగూర్‌బీ నెత్తీనోరూ బాదుకుంది.

అంతటి పట్టుదల గల మనిషి జకరయ్య దగ్గరికొచ్చేసరికి గాడి తప్పాడు. జకరయ్య తాటాకిళ్ళకి కప్పు వేసేవాడు. కప్పు మీంచి జారిపడి, కాలి ఎముక విరిగి, పిక్క చీరుకుపోయింది. హజరత్తయ్య పుండు కడిగి, తేనె పూసి, కట్టు కట్టాడు. నెలకి మానింది. అక్కడితో ఆగాలా వద్దా?

"పైన మానింది, లోపల మానలేదు," అన్నాడు హజరత్తయ్య. "ఇంక తేనె లోపలికి పుచ్చుకోవాల. ఉత్తకడుపున పడితే వికటిస్తది. మందుతో పాటు నాలుగు రాగి రొట్టెలు అనుపానం."

నాగూర్‌బీకి ఒళ్ళు మండిపోయింది. చూర్ణానికి తేనె అనుపానమని లోకమంతా ఎరుగును. తేనెకి రొట్టెలు అనుపానమని విన్నవాళ్ళున్నారా? పైగా ఆ రొట్టెలు తట్టేదెవరు? కట్టుకున్నదానికి చుక్క లేదు, నున్నగా మానిన పిక్కకి రోజూ చెంచాడా!

రెండు నెలలు ఓర్చుకుంది. హజరత్తయ్య దూది కొనడానికి నెల్లూరు వెళ్ళిన రోజు ఈ బాగోతం తేల్చెయ్యాలనుకుంది. కర్ర ఊతంతో వచ్చిన జకరయ్యకి రొట్టెలు పెట్టి, ఎదురుగా కూర్చుంది.

"జకరయ్యన్నా, నీ పుండు ఎప్పుడో మానిపోయింది గదా!"

"మానిందా తల్లీ? అయ్యో, ఆయన చెప్పలేదే!" జకరయ్య తినే రొట్టె ఆపేశాడు. "అయితే రేపట్నించి రాను. రోగముంది గాబట్టి మందు తిన్నా. పని చెయ్యకుండా ఇంకోరింట మెతుకు ముట్టే మనిషిని కాదు."

చేతిలోది ముగించి, మిగిలిన మూడు రొట్టెలూ తువ్వాల్లో కట్టుకున్నాడు.

"అయ్యెక్కడికన్నా?"

"మా ఇంటిదానికి, రెబెక్కమ్మకి. ఈ రోగం దానికీ అంటుకునిందని మీ ఆయన చెప్పినాడు. ఇది దాని మోతాదు."

కప్పు మీంచి పడ్డ రోగం పెళ్ళానికి అంటుకోవడం ఏ వైద్యంలో ఉంది? అప్పుడు గోడకి ఆనించిన ఊతకర్ర నాగూర్‌బీ కంటబడింది. ఆ కాలితో నిచ్చెన ఎక్కేదెప్పుడు, కూలి తెచ్చేదెప్పుడు? ఇన్నాళ్ళూ ఆ ఇంట్లో ఇద్దరూ బతుకుతున్నది తన రొట్టెల మీదే. ఆమె కోపం రెట్టింపైంది. ఈసారి అంతా మొగుడి మీదే. ఒక్క మాట తనతో చెబితే ఆ మొండిఘటం సొమ్మేం పోయింది? ఇంకో రెండు రొట్టెలు తట్టేది కదా!

"ఏదీ, కాలు చాపన్నా," అని పిక్క నొక్కి చూసింది. "నొప్పుందా?"

"లేదు తల్లీ."

"అదే చెడ్డది. నొప్పి తెలీనంత లోపలికి పోయింది. నేనే పొరబడినా. ఈ అనుపానం చాలదు. రేపట్నించి ఆరు రొట్టెలు, చేపల పులుసు."

"అంత ముదిరిందా?" అని జకరయ్య దిగులుగా వెళ్ళాడు.

సాయంత్రం సంగతి విని హజరత్తయ్య ఎగిరిపడ్డాడు. "తేనె మీద చేపల పులుసా! ఏ వైద్యుడు చెప్పినాడే?"

"రోగం చూసి నేనే చెప్పినా. నువ్వు పొయ్యి చేపలు తే!"

ఆయన ఆమెకేసి ఓసారి చూసి, అటకెక్కి, సీసా దించి, చెంచా నిండా తేనె పోసి ఆమె ముందు పెట్టాడు.

"నాకేం రోగమని?"

"కోపం. పదకొండేళ్ళ నాటిది."

నాగూర్‌బీ చెంచా శుభ్రంగా నాకింది. దాన్ని మళ్ళీ ముందుకు చాపింది.

"తగ్గలా," అంది. "ఇంకో మోతాదు వెయ్యి."